పదహారవ లూయీ కుర్చీ: కర్ర చెప్పే కథ

పిల్లలూ! మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరోజు పాఠం అయిపోగానే నా దగ్గరకు వచ్చి, "సార్, ఒక కుర్చీ వయసు కనిపెట్టగలమా?" అని అడిగింది.

వాళ్ళ నానమ్మగారి పాత ఇల్లు సోమాజిగూడలో ఉంది. ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టబోతున్నారు. సామాను సర్దుతుంటే వెనుక గదిలోంచి ఒక చేతుల కుర్చీ బయటపడింది. గుండ్రటి వీపు, గాళ్ళు చెక్కిన తిన్నటి కాళ్ళు, అక్కడక్కడ బంగారు రంగు. పాత సామాన్ల వ్యాపారి దాన్ని చూసి "కట్టెలకు తప్ప పనికిరాదు" అన్నాడట. ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన "ఇది అసలు ఫ్రెంచి కుర్చీ, పదహారవ లూయీ రాజు నాటిది, లక్షలు పలుకుతుంది" అన్నాడట. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? బాగుచేయించి కొత్త ఇంటికి తీసుకుపోవాలా, అమ్మేయాలా, పారేయాలా? వారం రోజుల్లో తేల్చాలి.

"ఎవరి మాటా నమ్మవద్దు. కుర్చీనే అడుగుదాం" అన్నాను. ఆ ఆదివారం బడి ప్రయోగశాల నుంచి భూతద్దం, వెర్నియర్ కాలిపర్స్ తీసుకుని, ఒక టార్చిలైటు, టేపు, నల్లకాగితం కూడా పట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాం. కర్ర, ఇనుము, పురుగు, రంగు ఒక్కొక్కటీ తన సాక్ష్యం ఎలా చెబుతుందో చూద్దాం.

ఫ్రెంచి కుర్చీలు హైదరాబాదుకు ఎందుకు వచ్చాయి?

ఆ ఇంటికి కొద్ది దూరంలోనే ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ ఉంది. పక్కనున్న గుట్ట మీద అదే పేరుగల రాజభవనం ఉంది. నవాబు ఫక్రుల్ ముల్క్ దాన్ని 1870 ప్రాంతంలో కట్టించాడని చెబుతారు. అందులో నూట యాభైకి పైగా గదులు ఉండేవి. అప్పటి ధనవంతుల అలవాటు ప్రకారం ఆ గదుల్లో పదహారవ లూయీ శైలి కుర్చీలు, సోఫాలు ఉండేవి. తరువాతి కాలంలో ఆ భవనం ప్రభుత్వ కార్యాలయాలకు నిలయమైంది. దాన్ని పడగొట్టి కొత్త శాసనసభ భవనం కట్టాలని 2019లో రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. చరిత్ర మీద అభిమానం ఉన్నవాళ్ళు న్యాయస్థానానికి వెళ్ళారు. అదే సంవత్సరం సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఒక్క ఎర్రమంజిలే కాదు. ఫలక్‌నుమా భవనంలోనూ, సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఐరోపా కుర్చీలు, బల్లలు నేటికీ చూడవచ్చు. మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో ఏర్పడిన ఆ మ్యూజియం 1951లో ప్రారంభమైంది. అందులోని దంతపు కుర్చీలను పదహారవ లూయీ టిప్పు సుల్తానుకు కానుకగా పంపాడని చెబుతారు. టిప్పు రాయబారులు 1788లో ఆ రాజును కలుసుకున్న మాట చరిత్రలో ఉంది.

నగరంలో ఇన్ని విదేశీ కుర్చీలు కనబడితే ఇక్కడి వడ్రంగులు ఊరుకుంటారా? చూసి, అదే తీరులో టేకుతో చేశారు. కాబట్టి మన ఊళ్ళో "ఫ్రెంచి కుర్చీ" అనేది మూడు రకాలు కావచ్చు. రాజుల కాలంలో ఫ్రాన్సులో చేసినది ఒకటి. తరువాత ఐరోపాలో ఆ శైలిలో చేసినది రెండోది. మన దగ్గరే చేసినది మూడోది.

శైలి వేరు, కాలం వేరు

పదిహేనవ లూయీ 1715 నుంచి 1774 వరకు ఫ్రాన్సు రాజు. ఆయన కాలపు కుర్చీల్లో సరళరేఖ వెతికినా దొరకదు. కాళ్ళు మేక కాలిలా వంపు తిరిగి ఉంటాయి. అంచుల మీద పువ్వులు, గవ్వలు చెక్కి ఉంటాయి.

పదహారవ లూయీ 1774లో గద్దెనెక్కాడు. ఫ్రెంచి విప్లవంలో 1792లో గద్దె పోయింది, 1793 జనవరిలో ప్రాణం పోయింది. ఆయన కాలానికి కుర్చీ కాళ్ళు తిన్నగా మారాయి. కింది వైపు సన్నబడుతూ, నిలువుగా గాళ్ళు తీసి, రాతి స్తంభాల్లా ఉంటాయి. దీనికి ఒక కారణం ఇటలీలో జరిగిన తవ్వకాలు. అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన హెర్క్యులేనియంలో 1738లోనూ, పాంపేలో 1748లోనూ తవ్వకాలు మొదలయ్యాయి. ప్రాచీన రోము కట్టడాలను చూసి ఐరోపా వాళ్ళకు తిన్నటి గీతల మీద మోజు కలిగింది.

చేతుల కింద ఖాళీగా ఉంటే ఆ కుర్చీని ఫ్రెంచివారు 'ఫోతయ్' అంటారు. చేతుల కింద కూడా గుడ్డతో మూసి, మెత్త దిండు వేస్తే అది 'బెర్జేర్'.

అయితే రాజు పోయినా శైలి పోలేదు. 19వ శతాబ్దమంతా ఇవే నమూనాలు మళ్ళీ మళ్ళీ తయారయ్యాయి. నేటికీ తయారవుతున్నాయి. ఎర్రమంజిల్ కట్టేనాటికి పదహారవ లూయీ చనిపోయి డెబ్బై ఏళ్ళు దాటింది. కాబట్టి 'పదహారవ లూయీ కుర్చీ' అన్న పేరు రూపాన్ని మాత్రమే చెబుతుంది, పుట్టిన తేదీని చెప్పదు. మా విద్యార్థిని కుర్చీ కాళ్ళు తిన్నగా ఉన్నాయి కాబట్టి శైలి తెలిసిపోయింది. కాలం సంగతి ఇంకా తేలాలి.

తలకిందులు చేసి చూడాలి

పాత కుర్చీని పరీక్షించేవాళ్ళు ముందు చేసే పని దాన్ని తలకిందులు చేయడం. పైభాగానికి అందరూ మెరుగులు పెడతారు. అడుగుభాగాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకే నిజం అక్కడ దాగి ఉంటుంది.

మొదట రంపం గుర్తులు చూడాలి. చేతి రంపంతో కోస్తే తిన్నటి గీతలు, ఎగుడుదిగుడుగా పడతాయి. గుండ్రటి మర రంపంతో కోస్తే విల్లులా వంగిన గీతలు పడతాయి. మర రంపాలు విరివిగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలో.

తరువాత మరమేకులు. 19వ శతాబ్దం మధ్య వరకు మరమేకులకు సూదిలాంటి మొన ఉండేది కాదు, చివర మొద్దుగా ఉండేది. తల మీది గాడి కూడా చేత్తో కోసింది కాబట్టి సరిగ్గా నడిమికి ఉండేది కాదు. తల మీద కూడిక గుర్తున్న మరమేకులు 1930ల తరువాతవి. అయితే జాగ్రత్త! పాత కుర్చీకి కొత్త మరమేకు వేసి మరమ్మతు చేసి ఉండవచ్చు. కొత్త కుర్చీకి పాత మరమేకు తెచ్చి వేయనూ వచ్చు.

మూడోది ముద్ర. 18వ శతాబ్దం నడిమి నుంచి, 1791లో వృత్తి సంఘాలు రద్దయ్యే వరకు, పారిస్ కుర్చీ పనివాళ్ళు తమ పేరు ముద్ర కర్ర మీద కొట్టాలన్న నిబంధన ఉండేది. మరీ ఆంత్వానెత్ రాణికి కుర్చీలు చేసిన జార్జ్ జాకబ్ ముద్ర నేటికీ ప్రసిద్ధం. ముద్ర లేనంత మాత్రాన నకిలీ కాదు, ఉన్నంత మాత్రాన అసలూ కాదు. ముద్రను దొంగగా కొట్టడం ఏమంత కష్టం?

మేం చూసిన కుర్చీ అడుగున విల్లులాంటి గీతలు కనిపించాయి. మరమేకులకు మొన ఉంది. ముద్ర లేదు. మా అమ్మాయి పుస్తకంలో మూడు సాక్ష్యాలూ రాసుకుంది.

గుండ్రటి కర్ర గుండ్రంగా ఉండదు!

ఇప్పుడు ఒక వింత చెబుతాను. తరిణి పట్టిన కాలు చేసిన రోజున సరిగ్గా గుండ్రంగా ఉంటుంది. కొన్ని సంవత్సరాలకు కొద్దిగా కోడిగుడ్డు ఆకారానికి మారుతుంది. ఎందుకు?

చెట్టు కాండాన్ని సన్నటి గొట్టాల కట్ట అనుకోండి. ఈ గొట్టాల గోడలు సెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలతో తయారవుతాయి. సెల్యులోజ్ నీటిని ఇష్టపడుతుంది. గాలిలో తేమ పెరిగితే గోడలు నీటిని పీల్చి ఉబ్బుతాయి, తేమ తగ్గితే ముడుచుకుంటాయి. ఈ మార్పు అన్ని దిక్కుల్లో ఒకేలా ఉండదు. గొట్టాల పొడవు వెంబడి దాదాపు ఏమీ ఉండదు. వయసు వలయాలకు అడ్డంగా, అంటే నడిమి నుంచి బెరడు వైపు, కొంత ఉంటుంది. వలయాల వెంబడి అన్నిటికన్నా ఎక్కువ, అడ్డంగా ఉన్నదానికి సుమారు రెండు రెట్లు ఉంటుంది. అందుకే కర్ర ఎండినకొద్దీ ఒక వ్యాసం ఎక్కువగా, రెండోది తక్కువగా తగ్గుతుంది.

గాళ్ళు లేని చోట కాలి చుట్టూ వెర్నియర్‌తో కొలిచాం. ఒక వైపు 45.6 మి.మీ., దానికి లంబంగా 45.1 మి.మీ. వచ్చింది. తేడా అర మిల్లీమీటరు. నాలుగు కాళ్ళకూ ఇలాంటి తేడాయే ఉంది. అంటే తరిణి పట్టిన తరువాత కర్ర ఇంకా ఎండింది. ఇది ఎన్నేళ్ళో చెప్పదు. నిన్న మొన్న బాగా ఎండిన కర్రతో చేసింది కాదని మాత్రం చెబుతుంది.

హైదరాబాదు ఎండకూ వానకూ కుర్చీ ఏమవుతుంది?

మే నెల మధ్యాహ్నం మన ఊళ్ళో గాలి తేమ 30 శాతం లోపుకు పడిపోతుంది. ఆగస్టు ఉదయాల్లో 80 శాతం దాటుతుంది. దీనికి తగ్గట్టు కర్రలోని తేమ సుమారు 6 శాతం నుంచి 14 శాతం వరకు మారగలదు.

ఒక లెక్క చేద్దాం. 50 సెం.మీ. వెడల్పు పలక ఉందనుకోండి. టేకు అయితే, కర్రలోని తేమ ఒక శాతం మారినప్పుడు వెడల్పు సుమారు 0.2 శాతం మారుతుంది. తేమ 8 శాతం మారితే వెడల్పు 1.6 శాతం, అంటే 8 మి.మీ. మారుతుంది. ఫ్రెంచి కుర్చీలకు ఎక్కువగా వాడిన బీచ్ కర్రలో ఈ మార్పు రెట్టింపు, 16 మి.మీ. దాకా ఉంటుంది! చల్లటి ఫ్రాన్సులో పుట్టిన కుర్చీని తెచ్చి మన ఎండల్లో పెడితే కీళ్ళు వదులై కిర్రుమనడానికి ఇదే కారణం. గదిని చల్లబరిచే యంత్రం గాలిలోంచి నీటిని తీసేస్తుంది కాబట్టి దాని ఎదురుగా పెట్టడం కూడా మంచిది కాదు.

పాత వడ్రంగులకు ఈ సంగతి అనుభవం వల్ల తెలుసు. అందుకే వాళ్ళు కీలును మేకుతో బిగించేవారు కాదు. ఒక కర్ర చివరను నాలుకలా చెక్కి, రెండో కర్రలో తొర్ర తవ్వి, అందులో దూర్చేవారు. అడ్డంగా చెక్క సీల కొట్టేవారు. కొన్ని కుర్చీలకు సరేసు పూసేవారు. సరేసు అంటే జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. దానికి ఒక గొప్ప గుణం ఉంది. వేడి నీటి తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. అందువల్ల కుర్చీని పాడు చేయకుండా విడదీసి బాగుచేయవచ్చు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే తెల్ల జిగురు ఒకసారి ఆరితే అంత సులభంగా వదలదు. పాత కుర్చీకి సరేసే మేలని మరమ్మతు తెలిసినవాళ్ళు చెప్పేది ఇందుకే.

వంపు కాళ్ళకు ఎందుకు భయపడాలి?

కర్రను గొట్టాల కట్ట అన్నాం కదా. చీపురు కట్టను పొడవు వెంట లాగి తెంపండి చూద్దాం. తెగదు. కానీ పుల్లల్ని విడదీయడం ఎంత సేపు? కర్ర కూడా అంతే. పొడవు వెంబడి లాగితే ఉండే బలం అడ్డంగా లాగితే ఉండే బలం కన్నా ఇరవై రెట్లకు పైగా ఉంటుంది.

తిన్నటి కాలిలో పోగులు పైనుంచి కింది దాకా తెగకుండా సాగుతాయి. వంపు కాలిని మందపాటి దుంగలోంచి చెక్కి తీస్తారు. వంపు దగ్గర పోగులు మధ్యలోనే తెగిపోతాయి. అక్కడ బలం తక్కువ. అందుకే పదిహేనవ లూయీ శైలి కుర్చీ కొనేటప్పుడు చీలమండ దగ్గరా, మోకాలి వంపు దగ్గరా భూతద్దంతో పగుళ్ళు వెతకాలి. జిగురు పూసిన గీత కనిపిస్తే అక్కడ ఒకసారి విరిగిందని అర్థం.

కుర్చీని వెనక్కు వాల్చి రెండు కాళ్ళ మీద ఊగే అలవాటు మీలో చాలా మందికి ఉంది. అప్పుడు మీ బరువంతా రెండు వెనుక కాళ్ళ మీదే పడుతుంది. పైగా వీపు చట్రం పొడుగాటి మీటలా పనిచేసి కూర్చునే చట్రం దగ్గరి కీలును మెలిపెడుతుంది. చాలా పాత కుర్చీలు విరిగేది ఆ కీలు దగ్గరే. కొనబోయే ముందు చేతులు పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. కిర్రుమంటే కీలు వదులైంది, దాన్ని బిగించవచ్చు. కర్రే చీలి ఉంటే ఖర్చు ఎక్కువ.

పురుగు ఉందా, పోయిందా?

కర్రకు ఇద్దరు శత్రువులు. చెదలు మట్టి దారులు వేసుకుని నేల నుంచి వస్తాయి. పుచ్చు పురుగులు కర్ర లోపలే పుడతాయి. తల్లి పురుగు కర్ర మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు కొన్ని నెలలు, ఒక్కోసారి కొన్నేళ్ళు లోపల తింటూ బతుకుతుంది. రెక్కలు వచ్చాక ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రం చేసుకుని ఎగిరిపోతుంది. అంటే మనకు కనిపించే రంధ్రం పురుగు లోపలికి వెళ్ళిన దారి కాదు, బయటికి వచ్చిన దారి!

బీచ్, అక్రోటు కర్రల్లో పుచ్చు సులభంగా పడుతుంది. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే రసాయనం, నూనెలు ఉండడం వల్ల చెదలు, పురుగులు దాని జోలికి అంతగా రావు. చేవ పట్టని తెల్లభాగానికి ఆ రక్షణ లేదు.

పురుగు బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి కుర్చీ కింద నల్లకాగితం పరిచి వారం రోజులు కదపకుండా ఉంచాలి. కొత్తగా లేత రంగు పొడి రాలితే పురుగు ఉన్నట్టే. అలాంటి కుర్చీని ఇంట్లో మిగతా సామాను దగ్గర పెట్టకూడదు. మ్యూజియంల వాళ్ళు వస్తువును గాలి చొరని సంచిలో పెట్టి బాగా గడ్డకట్టించి గానీ, ఆక్సిజన్ తీసేసి గానీ పురుగును చంపుతారు.

మెత్తలో మరో శత్రువు ఉండవచ్చు. అది నల్లి. కుట్ల వెంట నల్లటి చుక్కలు కనబడితే ఆ కుర్చీని గుమ్మం లోపలికి రానీయకండి.

మెత్త లోపల, మెరుగు లోపల

పదహారవ లూయీ కాలంలో కుర్చీ మెత్తలో స్ప్రింగులు లేవు. గట్టి పట్టీల మీద గోనెగుడ్డ పరిచి, గుర్రపు వెంట్రుకలు నింపేవారు. వెంట్రుక వంగినా మళ్ళీ యథాస్థితికి వస్తుంది. దీన్నే స్థితిస్థాపకత అంటాం. ఉక్కు తీగ చుట్టల స్ప్రింగులు కుర్చీల్లోకి వచ్చింది 19వ శతాబ్దంలోనే. మేం అడుగు గుడ్డ కొంచెం విప్పి టార్చిలైటు వేస్తే స్ప్రింగులు, వాటి మీద కొబ్బరి పీచు కనిపించాయి. కొబ్బరి పీచు చూసి మా అమ్మాయి నవ్వింది. పారిస్‌లో కొబ్బరి చెట్లు ఎక్కడివి!

బంగారు పూత సంగతి చూద్దాం. అసలు పూతకు సుద్ద, జిగురు కలిపి పూసి, దాని మీద బంగారు రేకు అంటిస్తారు. ఆ రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. బంగారం గాలిలోని ఆక్సిజన్‌తో కలవదు కాబట్టి వందల ఏళ్ళయినా రంగు మారదు. ఇత్తడి పొడితో చేసిన రంగు కొన్నేళ్ళకే మాడి గోధుమ, ఆకుపచ్చ చాయకు తిరుగుతుంది. మన కుర్చీ మీది 'బంగారం' ఆకుపచ్చబారింది.

కర్ర మీది మెరుపును మన వడ్రంగులు 'ఫ్రెంచి పాలిష్' అంటారు. పేరు ఫ్రెంచిదే గానీ సరుకు మనది. మన దేశపు చెట్ల మీద బతికే లక్క పురుగులు స్రవించే లక్కను శుద్ధి చేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో పొరలు పొరలుగా రుద్దుతారు. పెద్దవాళ్ళ చేత కుర్చీ అడుగున ఒక చుక్క స్పిరిట్ వేయించి చూడండి. లక్క అయితే జిగటగా మారుతుంది. ఈ కాలపు గట్టి వార్నిష్ చాలావరకు చలించదు.

ఒక హెచ్చరిక. పాత తెల్లరంగుల్లో సీసం ఉండేది. రంగు పూసిన పాత కుర్చీని ఉప్పుకాగితంతో గీకితే ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఆ పని మీరు ఎన్నడూ చేయవద్దు.

పాతవన్నీ రాజులవి కావు

ఫ్రెంచి కుర్చీ అనగానే బంగారు పూతే అక్కర్లేదు. పారిస్ కాఫీ హోటళ్ళలో పేరుపొందిన ఒక కుర్చీ 1859లో వచ్చింది. దాన్ని తయారు చేసింది ఆస్ట్రియాలోని థోనెట్ సంస్థ. బీచ్ కర్రను ఆవిరిలో ఉంచితే లిగ్నిన్ మెత్తబడుతుంది. అప్పుడు అచ్చులో పెట్టి వంచి ఆరనిస్తే ఆ వంపు నిలిచిపోతుంది. ఇక్కడ పోగులు తెగవు, వంగుతాయి. అందుకే సన్నగా ఉన్నా గట్టిగా ఉంటుంది. ఆ కుర్చీలో ఉన్నది ఆరు కర్ర భాగాలు, పది మరమేకులు, రెండు నట్లు మాత్రమే. విడదీస్తే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి! మన పాత ఇరానీ హోటళ్ళలో వంచిన కర్ర కుర్చీలు చూసి ఉంటారు. అవి ఈ కుటుంబానికి చెందినవే.

ఫ్రాన్సులోనే జేవియే పోషార్ అనే ఆయన 1934లో రేకు కుర్చీ ఒకటి చేశాడు. ఉక్కు రేకును అచ్చులో వంచి, జింకు పూత పూయించాడు. పూతకు గీత పడినా ఉక్కు వెంటనే తుప్పు పట్టదు. ఇనుము కన్నా జింకు ముందుగా రసాయన చర్యలో పాల్గొని, తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఈ కుర్చీ నకళ్ళు ఇప్పుడు మన ఊరి ఫలహారశాలల్లో కూడా కనబడతాయి. ఎండకూ తేమకూ తట్టుకునే పాత ఫ్రెంచి కుర్చీ కావాలంటే ఇది మేలు.

చట్టం మాట

మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని కళావస్తువులు పురావస్తువుల కింద లెక్క. వాటిని ఎవరంటే వాళ్ళు దేశం దాటించకూడదు. ఇక ఏనుగు దంతం పొదిగిన వస్తువును, ఎంత పాతదైనా, కొనడానికి పోవద్దు. మన దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధం. దంతపు కుర్చీలను మ్యూజియంలో చూసి ఆనందించడమే మంచిది.

కుర్చీ తీర్పు

సాక్ష్యాలన్నీ ఒకచోట పెట్టాం. మర రంపం గీతలు, మొన ఉన్న మరమేకులు, స్ప్రింగులు, కొబ్బరి పీచు, ఇత్తడి రంగు. కర్ర చూస్తే టేకు. కాబట్టి ఇది రాజు కాలపు కుర్చీ కాదు, బహుశా ఫ్రాన్సు ముఖం కూడా చూడలేదు. మన వడ్రంగి ఎవరో ఆ శైలిలో చేసి ఉంటాడు. లక్షల మాట తప్పని తేలింది.

మరి కట్టెల మాట? అదీ తప్పే. నాలుగు కాళ్ళూ చేవ టేకు. కీళ్ళు నాలుక, తొర్ర పద్ధతిలో ఉన్నాయి. వెనుక అడ్డకర్ర ఒక్కటే ఎప్పుడో మార్చిన తెల్లకర్ర. వారం తరువాత నల్లకాగితం మీద పొడి రాలింది సరిగ్గా దాని కిందే. ఆ ఒక్క కర్ర తీసి టేకు ముక్క వేయించి, కీళ్ళకు సరేసు పూయిస్తే కుర్చీ మరో రెండు తరాలు నిలుస్తుంది.

నానమ్మగారు అంతా విని, "రాజుది కాకపోతే పోనీ సారూ, నాకు కూర్చుంటే లేవడానికి వీలుగా ఉంటదా?" అని అడిగారు. అసలు ప్రశ్న అదే! మేమంతా మరచిపోయాం. కూర్చున్నవాళ్ళు లేవాలంటే శరీరపు గరిమనాభి పాదాల మీదికి రావాలి. కుర్చీ మరీ పల్లంగా ఉంటే పెద్దవాళ్ళకు అది కష్టం. చేతులు ఆన్చుకునే వీలుంటే సులభం. టేపు పెట్టి కొలిచాం. కూర్చునే ఎత్తు 44 సెం.మీ., నానమ్మగారి మోకాలి మడత ఎత్తు 42 సెం.మీ. కూర్చుంటే కొద్దిగా కుంగే మెత్త కాబట్టి సరిగ్గా సరిపోయింది. కొత్త ఇంటి గుమ్మం వెడల్పు కూడా కనుక్కున్నాం. కుర్చీ పడుతుంది.

మరునాడే వడ్రంగిని పిలిపించారు.

మీరూ చేసి చూడండి

1. ఇంట్లో పాత చపాతీ కర్రనో, రోకలినో తీసుకుని ఒకే చోట రెండు లంబ దిశల్లో వెర్నియర్‌తో వ్యాసం కొలవండి. కొత్త కర్రతో పోల్చండి.

2. చెక్క తలుపు మేలో ఎంత సందు వదులుతుందో, ఆగస్టులో ఎంత బిగుస్తుందో స్కేలుతో కొలిచి నెలవారీగా పట్టిక రాయండి.

3. మీ ఇంట్లో అందరికన్నా పాత కుర్చీని పెద్దల సాయంతో తలకిందులు చేసి చూడండి. రంపం గీతలు, మరమేకులు, కీళ్ళు, రంధ్రాలు బొమ్మ గీసి రాసుకోండి. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పవద్దు. కనీసం మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాలి. ఆ తరువాతే ఆ కుర్చీ ఎప్పుడు, ఎక్కడ కొన్నారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, మీ జవాబుతో సరిచూసుకోండి.